కల్వకుర్తిలో ఓడిన కథానాయకుడు

ఎన్టీఆర్ జీవితం చెప్పేవాళ్లు కల్వకుర్తిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న ఆ దిక్కువాణ్ణి కాబట్టి నాకది చాలదు.

1949లో ‘మనదేశం’లో పోలీసు ఇన్‌స్పెక్టరుగా చిన్న వేషం వేసిన మనిషి, రెండేళ్లకే ‘పాతాళభైరవి’లో తోటరాముడయ్యారు. 1957లో ‘మాయాబజార్’ వచ్చాక తెలుగువాళ్లకు కృష్ణుడంటే ఆయనే. 1977లో ‘దానవీరశూరకర్ణ’ను తనే తీసి కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ తనే వేశారు. ఆ తర్వాత మా ఊరి నాటకాలోళ్లు దుర్యోధనుడి వేషం కడితే మీసం దువ్వడం, గద భుజానికెత్తడం అన్నీ ఆ సినిమావే. పద్యం తప్పితే జనం సర్దుకునేవారు, నడకలో ఎన్టీఆర్ కనబడకపోతే కేకలేసేవారు.

1982 మార్చి 29న పార్టీ పెట్టి, ఏడాది తిరక్కుండానే ముఖ్యమంత్రి అయ్యారు. రెండు రూపాయల కిలో బియ్యం అందరికీ గుర్తే. తెలంగాణ పల్లెకు అంతకన్నా పెద్ద మేలు పటేల్, పట్వారీల వ్యవస్థ రద్దు. పహాణీ నకలు కోసం పట్వారీ అరుగు కింద చెప్పులు విడిచి నిలబడిన మా నాయిన ఆ మేలు బతికున్నన్నాళ్లూ తలచుకున్నాడు.

అయినా 1989లో ఆయనకు ఓటెయ్యలేదు. “సినిమా అంటవా, ఎన్నిసార్లన్న చూస్త. గెలిస్తే ఈయన హిందూపురమే ఉంచుకుంటడు. మనకు దొరికెటోడు గావాలె” అన్నాడు. ఎన్టీఆర్ ఆసారి హిందూపురంతో పాటు కల్వకుర్తిలోనూ నిలబడ్డారు. హిందూపురం గెలిపించింది. ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ మూడున్నర వేల పైచిలుకు ఓట్లతో నెగ్గారు. రాష్ట్రమంతా గాలి తిరిగిన ఎన్నిక అది. 294 స్థానాల్లో తెలుగుదేశానికి వచ్చినవి 74. కానీ గాలి ఒక్కటే కారణమంటే నేనొప్పుకోను. మావాళ్లు ఆలోచించే ఓటేశారు. అభిమానం పోయి కాదు.

ఆయనా కుంగిపోలేదు. ముఖ్యమంత్రిగా చేసిన మనిషి మళ్లీ మొహానికి రంగేసుకున్నారు. 1991లో ‘బ్రహ్మర్షి విశ్వామిత్ర’, 1993లో ‘మేజర్ చంద్రకాంత్’. ఆ రెండోదానికి ఇంటిల్లిపాదినీ బస్సెక్కించి కల్వకుర్తి టాకీసుకు తీసుకుపోయింది ఓటెయ్యని మా నాయినే.

1994లో ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఎన్నికల్లో హిందూపురం, టెక్కలి రెండుచోట్లా పోటీ చేసి రెండూ గెలిచారు. మా పాలమూరులో మాత్రం మళ్లీ నిలబడలేదు.