కాలబారు కవలపిల్లలు

మన ఇండ్లలో కవలలు జన్మించినచో ఇరుగుపొరుగువారందఱు చూడవత్తురు. ఒకే పోలిక గల యిద్దఱు పసికందులను ప్రక్కప్రక్కను పరుండబెట్టి, రాముడు లక్ష్మణుడనియో, లవుడు కుశుడనియో పేళ్లు పెట్టి మురిసిపోవుదుము. ఖర్చు రెండింతలగునని తండ్రి లోలోపల లెక్క వేసికొన్నను పైకి నవ్వుచునే యుండును. ఇట్టి మనకు, కవలలు పుట్టిరన్న మాట వినగానే ఇల్లంతయు భయముతో పరుగులెత్తు సీమ యొకటి యుండెనని చెప్పినచో నమ్మశక్యము గాదు. ఆ సీమను గూర్చియు, సముద్రములు దాటి యచ్చటికి పోయి ఆ బిడ్డలను తన బిడ్డలుగా పెంచిన యొక మిల్లుకూలి స్త్రీని గూర్చియు నేడు మనవి చేసెదను.

ఆఫ్రికా ఖండమునకు పడమటి తీరమున నైజీరియా యను దేశమున్నది. దాని ఆగ్నేయపు మూలను, నదులు సముద్రమున గలియు చోట, కాలబారు పట్టణము కలదు. నేడది క్రాస్ రివర్ రాష్ట్రమునకు ముఖ్యపట్టణము. తీరమెల్ల మడ అడవులు, బురద, దోమలు. లోపలికి పోయినకొలది దట్టమగు అరణ్యము. పూర్వమచ్చటినుండి తెల్లవర్తకులు మనుష్యులను కొని ఓడలకెక్కించి అమెరికా దీవులకు దాసులుగా గొనిపోవుచుండిరి. ఆ వ్యాపారము నిలిచిన పిదప పామునూనె వ్యాపారము వచ్చినది. పాము అన్నచో సర్పము గాదు, అది యొక జాతి తాటిచెట్టు. నేడు మన గోదావరి జిల్లాల తోటలలోను ఆ చెట్లే పెరుగుచున్నవి. 1846వ సంవత్సరమున హోప్ వాడెల్ అను క్రైస్తవ బోధకుడు జమైకా దీవినుండి కాలబారు చేరెను. ఆతనివెంట దాస్యవిముక్తులైన నల్లవారును వచ్చిరి. తాతలను సంకెలలతో కొనిపోయిన ఖండమునకు మనుమలు పుస్తకములతో తిరిగి వచ్చిరన్నమాట. పిమ్మట గోల్డీ అను పండితుడు అచ్చటి ఎఫిక్ భాషకు నిఘంటువు కూర్చెను. 1862లో బైబిలు క్రొత్త నిబంధన ఆ భాషలో వెలువడెను.

ఇక కవలల సంగతి. ఒక గర్భమున ఒక బిడ్డయే మనుష్యులకు సహజమనియు, ఇద్దఱు పుట్టిరేని అందొకడు తండ్రికి గాక ఏదో దుష్టభూతమునకు బుట్టినవాడనియు ఆ జనుల నమ్మకము. ఇద్దఱిలో భూతసంతానమెవరో తెలియదు. కావున ఇద్దఱిని మట్టికుండలో పెట్టి అడవిలో వదలివేయుదురు. తల్లి భూతముతో కలిసినదని చెప్పి, ఆమెను చంపుటయో, ఊరినుండి వెడలగొట్టుటయో చేయుదురు. ఇది విని ఆ జనులు కఠినాత్ములని తొందరపడి తలపరాదు. వారు బిడ్డలను ప్రాణముగా చూచుకొనువారే. ద్వేషముచేత గాక భయముచేత ఆ పని చేసిరి. ద్వేషమైనచో నేడు కాకున్న రేపు చల్లారును. భయము అట్లు చల్లారదు, తరమునుండి తరమునకు దిగుచుండును.

ఈ యాచారము చట్టమునకు తెలియనిది కాదు. 1878 సెప్టెంబరులో ఆంగ్లేయ కాన్సలు అచ్చటి రాజులను, పెద్దలను సమావేశపఱచి, కవలలను చంపరాదని ఒడంబడిక వ్రాయించెను. వ్రాలు చేసినవారు పట్టణమున నుండిరి. బిడ్డలు పుట్టు చోటు అడవిలోని గుడిసెలు. అర్ధరాత్రమున మంత్రసానికిని అమ్మమ్మకును నడుమ జరుగు పనికి ఏ కాన్సలు కాపుండగలడు?

మేరీ స్లెస్సర్ 1848 డిసెంబరు 2వ తేదీన స్కాట్లండు దేశమందలి ఆబర్డీనులో జన్మించెను. తండ్రి చెప్పులు కుట్టువాడు, త్రాగుబోతు. బ్రతుకుతెరువునకై కుటుంబము డండీ నగరమునకు పోయినది. పదునొకండవ యేట ఆమె అవిసెనార బట్టల మిల్లులో చేరెను. సగము దినము మిల్లు, సగము దినము మిల్లువారి బడి. పదునాలుగేండ్లకు పూర్తికూలియై ఉదయమారు గంటలనుండి సాయంకాలమారు గంటలవఱకు మగ్గముకడ నిలిచెడిది. మగ్గముపై పుస్తకము ఆనించుకొని నూలు తెగని క్షణములలో చదువుకొన్నది. నేను ముప్పది యేండ్లకు పైగా పాఠములు చెప్పితిని. బల్లమీద కూర్చుండి చదువుటకు బద్ధకించిన పిల్లలను ఎందఱనో చూచితిని. అందుచేత ఈ మగ్గము మాట నాకు మఱపు రాదు.

ఆఫ్రికాలో తిరిగిన లివింగ్‌స్టన్ దొర మరణవార్త వినిన పిమ్మట ఆమె తన సంఘమువారికి అర్జీ పెట్టుకొనెను. 1876 ఆగస్టు 5న లివర్పూలు రేవున ‘ఇతియోపియా’ అను ఓడ నెక్కెను. ఆ ఓడలో సారాయి పీపాలు లెక్కకు మిక్కిలిగ నెక్కించుట చూచి, ఇన్ని పీపాలకు ఒక్క బోధకురాలా యని ఆమె విచారపడినదట. తండ్రి త్రాగుడువలన బాధపడిన కూతురు గదా.

కాలబారు చేరి మొదట భాష నేర్చుకొన్నది. ఆ ఊరివారితో సమానముగా ఎఫిక్‌లో వాదింపను, వేళాకోళమాడను నేర్చినదని చెప్పుదురు. చలిజ్వరము ఆమెను బ్రతికినన్నాళ్లు విడువలేదు. జీతములో అధికభాగము ఇంటికడ తల్లికి పంపుటకై, తెల్లవారి డబ్బాభోజనము మాని ఆ సీమవారి తిండినే తినసాగెను. తోడి తెల్లవారికిది వింతగా నుండెను.

కవలలు పుట్టిరని చీకటిలో కబురు వచ్చినచో లాంతరు పట్టుకొని పరుగెత్తును. అందినవారిని ఎత్తుకొని వచ్చును. ఆ సీమలో ఏ స్త్రీయు ఆ బిడ్డలకు చన్నియ్యదు, తాకనే తాకదు. కావున డబ్బాపాలే గతి. రాత్రులయందు ఆమె పసికందులను గుడ్డ ఊయెలలలో పరుండబెట్టి, ఒక్కొక్క ఊయెలకు త్రాడు కట్టి, తాను పడకమీద పండుకొని, ఏ బిడ్డ యేడ్చిన ఆ త్రాడు లాగుచుండెడిది. అయినను చాలమంది బిడ్డలు చనిపోయిరి. అడవిలో పడియుండి, చీమలు కుట్టి, సగము ప్రాణముతో వచ్చినవారు ఎట్లు బ్రతుకగలరు? బ్రతికినవారిలో ఒక బాలిక కలదు. ఆమెతో పుట్టిన మగశిశువు చంపబడెను. మేరీ తన చెల్లెలి పేర ఆమెకు జేనీ యని పేరిడి, 1883లో స్వదేశమునకు పోవునప్పుడు వెంట గొనిపోయి డండీలోని తన దేవాలయమున జ్ఞానస్నానము చేయించెను.

ఈ జేనీని గూర్చి యొక సంగతి లివింగ్‌స్టన్ అను వేఱొక గ్రంథకర్త మేరీ జీవితచరిత్రలో వ్రాసెను. ఈయన ముందు చెప్పిన దొర గాడు. జేనీ కన్నతండ్రి జీవించియే యుండెను. బిడ్డ బ్రతికియున్నదని తెలిసినను ముఖము చూడ వెఱచెను. మేరీ వానితో వాదింపలేదు. దగ్గఱకు రమ్మని పిలిచెను, దూరముననే నిలిచెను. అంతట ఆమె వానిని పట్టి తెచ్చి, పిల్ల చేతులను వాని మెడచుట్టు వేయించెను. ఆతడు కొంతసేపు బిగిసికొని యుండి, పిమ్మట బిడ్డను ఒడిలోనికి తీసికొన్నాడట. ఆ తరువాత ఆమెను చూచుటకు తినుబండారములు పట్టుకొని వచ్చుచుండెనట.

ఈ కథ చదివినప్పుడు నేను పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని. కారణము చెప్పెదను. నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో, గురువుగారికడ నేర్చిన జ్యోతిషముమీద నాకు గర్వము మెండు. పొరుగు రైతు ఒకడు తన కూతురు పుట్టిన గడియలు చెప్పి అడుగగా, లెక్క కట్టి, మూలా నక్షత్రము మొదటి పాదము, తండ్రికి గండమని తడుముకొనక చెప్పితిని. ఇరువదియేడవ దినమున శాంతి చేసికొన్నచో దోషము పోవునని కూడ చెప్పితిని. ఆతడు మొదటి మాట మాత్రమే విన్నాడు. శాంతి చేయించినను పిల్లను అమ్మమ్మగారి ఊరికి పంపివేసెను. ఎనిమిదేండ్ల తరువాత నాకు ఆ ఊరికే బదిలీ యయ్యెను. హాజరుపట్టీలో వ్రాయుటకు తండ్రి పేరు అడిగినచో ఆ పిల్ల పేరు చెప్పి, “నేను చూడలేదండీ” అనెను. నేను రైతు ఇంటికి పోయి, గ్రంథములు విప్పి, శాంతి యయిన పిమ్మట భయము లేదని శ్లోకములతో నిరూపించితిని. ఆతడు నాపై గౌరవముచేత వచ్చెను. బడివాకిట వేపచెట్టుక్రింద కొంతసేపు నిలిచి, లోనికి రాకయే మరలిపోయెను. పిల్ల కిటికీకడ నుండెను. ఆ నాడు శ్లోకములు చదువుటకు మాఱుగా పిల్ల చేయి పట్టుకొని చెట్టుక్రిందికి నడిపించి యుండవలసినది. అది నాకు తోచలేదు.

మేరీ 1888లో కాలబారు విడిచి, లోపలి యరణ్యమున ఒకొయాంగ్ అను జాతివారి నడుమకు ఒంటరిగా పోయెను. అచ్చట ఎకెంగె యను పల్లెకు ఎడెమ్ పెద్ద. ఆతని అంతఃపురపు వాకిటనే ఒక మట్టిగదిలో కాపురముండెను. పెద్ద చనిపోయినచో ఆతనితో భార్యలను, దాసులను చంపుటయు, ఎవరైన రోగగ్రస్తుడైనచో ఇతరులకు విషపు గింజ త్రాగించి నేరము నిర్ణయించుటయు ఆ సీమయందు కలదు. ఆ గింజయే కాలబారు చిక్కుడని ప్రసిద్ధమైనది. దానినుండి తీసిన మందును తరువాత వైద్యులు కంటిలోని నీటికాసుల రోగమునకు వాడిరి, సృష్టి విచిత్రము.

ఎడెమ్ సోదరి, మా ఎమె యను విధవరాలు, మేరీకి ప్రాణసఖి యయ్యెను. తన జాతివారి రహస్యములు బయట పెట్టినదని తెలిసినచో ఆమెకు చావు తప్పదు. అందుచేత ఎక్కడనైన ప్రాణాపాయకరమగు పని జరుగబోవుచున్నచో, ఔషధమునకని చెప్పి ఒక ఖాళీ సీసాను మేరీకి పంపెడిది. సీసా వచ్చినచో మేరీకి సంగతి తెలియును. ఈమె క్రైస్తవురాలు కాలేదు. నాకు మేరీ యెంత గొప్పదిగా కనబడునో, ఆ సీసా పంపినదియు అంత గొప్పదిగనే కనబడును.

ఒకనాడు ఇయే యను దాసికి కవలలు పుట్టిరి. జనులామె కుండలను, చాపలను పగులగొట్టి చింపి, బిడ్డలను సారాయిసీసాల పెట్టెలో కుక్కి, ఆమె తలకెత్తి ఊరినుండి తఱుమసాగిరి. మేరీ ఎదురుపోయి ఆ పెట్టెను తాను ఎత్తుకొనెను. కాని ఒక చిక్కు వచ్చినది. కవలల తల్లి నడచిన బాట అపవిత్రమగునని నమ్మకము. ఆ బాటనే ఊరివారు నీటికి, సంతకు పోవలెను. అప్పుడు మేరీ జనులను తిట్టక, అడవిలో వేఱొక బాట నఱికించి, ఆ క్రొత్తబాటవెంట తల్లిని తన ఇంటికి తెచ్చుకొనెను. మగబిడ్డ దక్కలేదు. ఆడపిల్ల బ్రతికెను, సూసీ యని పేరు. ఏడాది దాటిన పిమ్మట, సలసల కాగు నీళ్ల పాత్రను మీదికి లాగుకొని, ఒడలు కాలి, ఆ పిల్లయు మరణించెను. భూతమెవరును ఆ బిడ్డను తీసికొనిపోవ రాలేదు. ఊరిలో ఎవరికిని ఏ కీడును రాలేదు. ఏ తల్లి బిడ్డకైనను రాగల ప్రమాదమే వచ్చినది. బ్రతికినన్నాళ్లు ఆ పిల్ల వాకిట ప్రాకుచు నవ్వుచు ఆడుట ఊరివారందఱు చూచిరి.

1892లో ఆంగ్లేయ ప్రభుత్వము ఆమెను ఒకొయాంగ్ సీమకు వైస్ కాన్సలుగా నియమించెను. వ్యాజ్యములు వినుచు, తీర్పులు చెప్పుచు, ఒడిలో ఒక పసికందును ఊచుచుండెడిది. ఇచ్చట నా మనస్సులోని మాట దాచను. పరాయి ప్రభుత్వము తుపాకులతో ఆ సీమ నాక్రమించుచుండగా ఆమె దానికి కొలువు చేసినది. 1901, 1902 సంవత్సరములలో అరో జాతివారిపై దండయాత్ర జరిగిన పిదపనే అరోచుకు ప్రాంతమునకు ఆమె దారి తెఱచుకొన్నది. పరుల మతము మార్పించు విషయమున నా యభిప్రాయమును వేఱు. అయినను, కుండలో వదలివేయబడిన బిడ్డను చేతికెత్తుకొన్నవారిని, నీ మతమేమి యని మొట్టమొదట నేనడుగజాలను.

ఊరక ఉపదేశించిన చాలదు, పిల్లలకు చేతిపని నేర్పవలెనని ఆమె వాదించుచు వచ్చెను. 1895లో కాలబారున హోప్ వాడెల్ పేర బడి వెలసి, అక్షరములతోబాటు చేతిపనులును నేర్పెను. ఊరు వెడలగొట్టిన తల్లులు తమ కాళ్లపై నిలువవలెనను తలంపుతో యూజ్ అను చోట స్త్రీలకొఱకు భూమి సంపాదించెను. ఆ జనులు ఆమెను సకలజనులకును తల్లి యను అర్థము గల మాటతో పిలిచిరి. ముఖాముఖి పిలుపు మాత్రము ‘మా’ యనియే. మన పిల్లలు అమ్మా యన్నట్లే వినబడును.

1915 జనవరి 13న తెల్లవాఱకముందు యూజ్‌లోని తన మట్టియింటిలో ఆమె ప్రాణము విడిచెను. శవమును పడవపై కాలబారునకు తెచ్చి సమాధి చేసిరి. తుదిరాత్రి పడకచుట్టు మేల్కొని కూర్చున్న ఆడపిల్లలందఱు ఆమె పెంచినవారే. వారిలో పెద్దది జేనీ. అప్పటికి ముప్పది దాటిన వయస్సు.