హన్నా కన్నీళ్ళు – ఏలీ తొందరపాటు



షిలోహు మందిరంలో హన్నా మౌనంగా పెదవులు కదుపుతుంటే, యాజకుడైన ఏలీ ఆమె త్రాగి మత్తులో ఉన్నదనుకొన్నాడు. మొదటి సమూయేలు మొదటి అధ్యాయంలోని ఈ సంగతి మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. ఏలీని తప్పుపట్టాము కూడా. మా సంఘంలోనే మేము అదే పని చేశామని చాలా ఆలస్యంగా తెలుసుకొన్నాము.

ఇది 2018 నాటి మాట. మా సంఘంలో ముప్పై రెండేళ్ళ సహోదరి ఒకామె ఉంది. భర్త కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తగారు, ఒక గేదె, డ్వాక్రా అప్పు. ఆరాధనకు తప్పక వచ్చేది గాని తలుపు ప్రక్క చాపమీదే కూర్చొనేది. ప్రసంగం మధ్యలో లేచి వెళ్ళిపోయేది. నాలుగైదు వారాలు ఇలాగే జరిగేసరికి పేరు చెప్పకుండా ప్రసంగంలోనే చురక వేశాము. వాక్యం కోసం గంట కూర్చోలేనివారిని ఏమనాలని అడిగాము. కొందరు వెనక్కి తిరిగి చూశారు. మరుసటి ఆదివారం ఆమె రాలేదు.

గృహదర్శనానికి వెళ్ళినప్పుడు మా శ్రీమతి ఆమెతో వంటింట్లో కూర్చుంటే అసలు సంగతి బయటపడింది. మందిరంలో జనం నిండేకొద్దీ గుండె దడదడ కొట్టుకొంటుందట. ఊపిరి అందదు, చేతులు తిమ్మిరెక్కుతాయి, ఇప్పుడే ప్రాణం పోతుందన్న భయం పుడుతుంది. బయట బోరింగు దగ్గర ముఖం కడుక్కొని కూర్చుంటే పావుగంటకు కొంచెం తగ్గుతుంది. రాత్రుళ్ళు నిద్ర లేదు. ఫోను మ్రోగితే చాలు, భర్తకేదో అయిందని ఒళ్ళు వణుకుతుంది. ఊళ్ళో ఆర్.ఎం.పి. నరాల బలహీనత అని రెండుసార్లు సెలైన్ ఎక్కించాడు. పట్నంలో ఇ.సి.జి. తీయించి, గుండెకేమీ లేదని గ్యాసు బిళ్ళలిచ్చి పంపారు. ఏదో సోకిందని అత్తగారి నమ్మకం.

మేమేం చేశాము? మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టాము. అసలే తిండి సహించని మనిషి మాతోపాటు ఉపవాసముంది. బదరీవృక్షం క్రింద చావు కోరుకొన్న ఏలీయాను దేవదూత నిద్రపోనిచ్చి, లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చిన సంగతి అప్పుడు మాకు గుర్తు రాలేదు. అది చాలదన్నట్టు స్త్రీల సమాజంలో ఆమె పేరు చదివి, మానసిక స్థితి కొరకు ప్రార్థించమన్నాము. సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది. (ప్రార్థన విన్నపాల పేరుతో మనం మోసే కబుర్ల లెక్క పైన ఎవరు వ్రాస్తున్నారో గాని, ఆ పుస్తకం పెద్దదే అయి ఉంటుంది.) మూడవ రోజున ఆమె, "అయ్యగారూ, నాకు విశ్వాసం లేదంటారా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

జవాబు చెప్పింది మా సంఘంలోని రిటైరైన స్టాఫ్ నర్సు. "ఇది ఆందోళన జబ్బు పాస్టరుగారూ. పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓ.పి.కి తీసుకెళ్ళండి" అన్నారు. ఆ మాట వినగానే అత్తగారు "నా కోడలికి పిచ్చి లేదు" అని ఏడ్చారు. ఆమెను కూడా వెంటబెట్టుకొని వెళ్ళాము.

డాక్టరుగారు తొందరపడలేదు. అన్నీ అడిగి, థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించారు. థైరాయిడ్ ఎక్కువైనా గుండెదడ, వణుకు వస్తాయి గనుక ముందు అది చూడాలన్నారు. అపాయం వస్తే పారిపోవడానికి దేవుడు శరీరంలో పెట్టిన ఏర్పాటే ఇది, అపాయం లేనప్పుడు కూడా మ్రోగడమే జబ్బు అని అత్తగారికి అర్థమయ్యేలా చెప్పారు. ఈ జబ్బు మగవారికంటే స్త్రీలలో దాదాపు రెట్టింపు. కాన్పు తర్వాత కూడా రావచ్చు. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, తనంతట తాను మానకూడదని గట్టిగా చెప్పారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకొనే నిద్రబిళ్ళలు అలవాటైపోతాయని కూడా హెచ్చరించారు.

తరువాత కౌన్సెలింగు. కౌన్సెలింగంటే మంచి మాటలు చెప్పడమేనని అప్పటివరకు మేము అనుకొనేవారము. మేము చెప్పిన మంచి మాటలకేమీ కొదువ లేదు కదా! అక్కడి సైకాలజిస్టు అమ్మాయి చెప్పింది తక్కువ, అడిగింది ఎక్కువ. భయం వచ్చినప్పుడల్లా ఏమి తలంపు వచ్చిందో, తర్వాత నిజంగా ఏమి జరిగిందో ఒక నోటుపుస్తకంలో వ్రాయమంది. ఫోను మ్రోగింది – ఆయన పోయాడనుకొన్నాను – డబ్బు పంపానని చెప్పాడు. ఇలా నెలరోజుల పేజీలు చూచుకొంటే, భయం చెప్పినదేదీ జరగలేదని ఆమెకే కనబడింది. నిదానంగా ఊపిరి వదలడం నేర్పింది. భయపడిన చోటునుండి పారిపోతే భయం బలపడుతుంది గనుక కొద్దికొద్దిగా అక్కడే నిలబడడం నేర్చుకోవాలంది.

ఆ సాధన మా మందిరంలోనే జరిగింది. మొదటి వారం తలుపు దగ్గర పది నిమిషాలు. తరువాతి వారం ఇరవై. ఆపైన ఒక్కొక్క చాప ముందుకు. మా శ్రీమతి ప్రక్కన కూర్చొనేది. దడ వచ్చినా లేవకుండా, అది తనంతట తగ్గేవరకు కూర్చోవడమే పాఠం.

ఇంత జరిగాక మళ్ళీ మేమే చెడగొట్టాము. ఒక కూడికలో ఒకాయన మందులన్నీ పారవేసి విశ్వాసంతో స్వస్థుడనయ్యానని సాక్ష్యం చెప్పాడు. మేము "ఆమేన్" అన్నాము. వెనుక వరుసలో ఆమె ఉన్నది. ఆ రాత్రే బిళ్ళలు మానేసింది. వారం తిరగకముందే తల తిరుగుడు, నిద్ర లేమి, పాత భయమంతా తిరిగి వచ్చాయి. మళ్ళీ బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళాము. డాక్టరుగారు ఆమెను ఏమీ అనలేదు. మావైపు మాత్రం కాసేపు చూశారు.

స్టాన్లీ జోన్స్ గారి పేరు మనలో చాలామందికి తెలుసు. 1907లో మిషనరీగా లక్నో వచ్చి, కొన్నేళ్ళకే మానసికంగా కుప్పకూలిన మనిషి. లక్నోలో ప్రార్థన చేస్తుండగా తనకు నెమ్మది కలిగిందని తానే సాక్ష్యమిచ్చారు. అలాంటి ఆయన 1950లో అదే లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక వైద్యశాల స్థాపించారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక వైద్య కేంద్రంలో, రోగితోపాటు ఇంటివారు కూడా ఉండి నేర్చుకొనే పద్ధతి 1950ల నుండి ఉంది. అత్తగారిని వెంట తీసుకెళ్ళడం ఎంత మంచిదైందో ఈ సంగతి చదివినప్పుడు తెలిసింది.

దూరం పోలేనివారికి దగ్గరలోనూ సహాయం ఉంది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైన నాలుగు జిల్లాల్లో మన మెదకు ఒకటి. నేడు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలో మానసిక వైద్య ఓ.పి. ఉంటుంది. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు రాత్రింబగళ్ళు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

తోటి కాపరులతో ఒక మాట. ఆమె భయానికి ఇంట్లోనే కారణముందేమో ముందు కనుక్కోండి. త్రాగివచ్చి కొట్టే భర్త ఉన్న ఇంట్లో భయపడడం జబ్బు కాదు. అక్కడ లోబడి ఉండమని బోధించడం పాపమని మా అభిప్రాయం. అటువంటి చెల్లికి 181 నంబరు, సఖి కేంద్రం చూపించాలి. మాట్లాడేటప్పుడు కాపరి భార్యగాని, పెద్ద వయసు సహోదరిగాని ప్రక్కన ఉండాలి. విన్న సంగతి విన్నచోటే ఉండాలి.

మా మందిరంలో ఇప్పుడు పేర్లు చదివి విన్నపాలు చెప్పడం లేదు. స్త్రీల సమాజం వారి పిడికెడు బియ్యం డబ్బులోనుండి ఆసుపత్రి బస్సు చార్జీలకు కొంత తీసిపెడుతున్నారు. ఆ సహోదరికి దాదాపు రెండేళ్ళ తర్వాత డాక్టరుగారే మందులు మెల్లగా తగ్గించి మాన్పించారు. అప్పుడప్పుడు దడ వస్తుందని ఆమే చెబుతుంది. పోయిన నెల ప్రక్క ఊరి బాలింతరాలు ఒకామె నిద్ర లేక ఏడుస్తున్నదని కబురు వస్తే, మేము బయలుదేరేలోపే ఈమె ఆ అమ్మాయిని, వాళ్ళ అమ్మను వెంటబెట్టుకొని ఓ.పి. చీటీ వ్రాయించడానికి తొలి బస్సుకే వెళ్ళిపోయింది.