పాత పద్ధతి విస్కీ పానీయం ‘ఓల్డ్ ఫ్యాషన్డ్’: మంచుగడ్డదే కీలకపాత్ర

మద్యం, చక్కెర, నీరు, బిట్టర్స్ కలిసినదే కాక్‌టెయిల్ అని 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణ పత్రిక ఒకటి నిర్వచించింది. తదనంతర దశాబ్దాల్లో బార్లలో ఇతర మద్యాల చేర్పులు పెరిగాయి. అవేవీ లేకుండా పాత పద్ధతిలోనే ఇమ్మని కోరేవారి వల్ల ఈ విస్కీ పానీయానికి ‘ఓల్డ్ ఫ్యాషన్డ్’ అనే పేరు స్థిరపడింది.

దీనికి షేకర్ అక్కర లేదు. అడుగు మందంగా ఉన్న గ్లాసులో చెంచాడు చక్కెర వేసి, దానిపై బిట్టర్స్ సీసాను రెండుమూడు సార్లు విదిలించి, చెంచాడు నీటితో కలియబెట్టాలి. చక్కెర మద్యంలో సులువుగా కరగదు; నీరు ముందుగా పోయడం అందుకే. ఆపై 60 మిల్లీలీటర్ల బర్బన్ లేదా రై విస్కీ, అంటే మన లెక్కన ఒక పెద్ద పెగ్గు, పోయాలి. పెద్ద మంచుగడ్డ ఒక్కటే వేసి అర నిమిషం నెమ్మదిగా తిప్పాలి. చిన్న ముక్కలైతే త్వరగా కరిగి పానీయం పలచబడుతుంది. చివరగా నారింజ తొక్కను గ్లాసుపై నొక్కితే సుగంధ తైలం చిమ్ముతుంది. తొక్క లోపలి తెల్లని పొర చేదు కనుక దాన్ని తీసివేయడం మేలు. సోడా, చెర్రీలు తరువాత వచ్చిన అలంకారాలు. లేకున్నా లోటేమీ లేదు.

తీపి ఘాటును కప్పివేస్తుంది గానీ మోతాదును తగ్గించదు. 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్లలో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం డ్రైవరు రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు మించితే నేరం. ఒక్క గ్లాసుతోనే ఆ పరిమితి దాటవచ్చు.