అమ్మిన ఇళ్లనే తిరిగి కొన్న నగరం: బెర్లిన్ అనుభవం

ప్రభుత్వ గృహవసతి అనగానే మనకు ఊరి చివర ఖాళీ స్థలం, శంకుస్థాపన రాయి, వరుసగా లేచే కొత్త బ్లాకులు గుర్తుకొస్తాయి. ఇంకో దారి కూడా ఉంది. ఇప్పటికే కట్టి ఉన్న ఇళ్లను, అందులో జనం కాపురం ఉంటుండగానే నగరం కొని, బాగుచేసి, అందుబాటులో ఉండే అద్దెకు ఇవ్వడం. ఈ పాఠంలో దాన్ని జర్మనీ రాజధాని బెర్లిన్ అనుభవంతో పరిశీలిద్దాం. అక్కడ నూటికి ఎనభై మందికి పైగా అద్దె ఇళ్లలోనే ఉంటారు. కాబట్టి ఇంటి యజమాని ఎవరన్నది అక్కడ ఇంటింటి ప్రశ్న.

ముందు ఇళ్ల సంగతి. పంతొమ్మిదో శతాబ్దంలో బెర్లిన్‌కు వచ్చిన కార్మికుల కోసం కట్టిన అయిదంతస్తుల భవనాలను అక్కడివాళ్లు 'అద్దె బ్యారక్‌లు' అన్నారు. వీధి వైపు ఒక భవనం, దాని వెనుక ఇంకొకటి, ఆ వెనుక మరొకటి. మధ్యలో పెరడు ఎంత ఉండాలి? 1853 నాటి నిబంధన ప్రకారం 5.34 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉంటే చాలు. ఆ కొలత గాలీ వెలుతురూ లెక్కగట్టి పెట్టింది కాదు, అగ్నిమాపక బండి మలుపు తిరగడానికి పెట్టింది! మరుగుదొడ్డి మెట్ల మలుపులో, పలు కుటుంబాలకు కలిపి ఒకటి. గదిలో బొగ్గు పొయ్యి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ బెర్లిన్ పాలకులు వీటిని కూల్చి కొత్తవి కట్టాలనుకున్నారు. 1963లో పథకం వచ్చింది. గృహ సంస్థలు పాత భవనాలు కొని, అద్దెదారులను ఖాళీ చేయించి, కూల్చే రోజు కోసం తాళం వేసి ఉంచాయి. ఒకవైపు ఇళ్ల కొరత, మరోవైపు తాళం వేసిన ఇళ్లు. 1980, 1981 సంవత్సరాల్లో యువకులు 150కి పైగా భవనాల్లోకి దూరి, పైకప్పులు తామే బాగుచేసుకోవడం మొదలుపెట్టారు. ఈ గొడవల మధ్యే హార్ట్-వాల్టెర్ హేమర్ అనే ఆర్కిటెక్టు చెప్పిన మాటకు విలువ వచ్చింది. ఉన్నవాళ్లను కదపకుండా, వాళ్లను అడిగి, అవసరమైనంతే బాగుచేయాలి అన్నాడాయన. పైపులు మార్చాలి, స్నానాలగది కట్టాలి, వెనుక భవనాన్ని అవసరమైతేనే తీయాలి. క్రాయిట్స్‌బెర్గ్ ప్రాంతంలో రూపొందిన ఈ 12 సూత్రాలను 1983లో నగర శాసనసభ అంగీకరించింది. గోడలు, పునాది గట్టిగా ఉన్న భవనాన్ని కూల్చితే, ఆ ఇటుకలు కాల్చడానికి ఎప్పుడో ఖర్చయిన బొగ్గు కూడా వృథా అయినట్టే.

తర్వాతి కథ డబ్బుది. జర్మనీ ఏకమైన తర్వాత బెర్లిన్ అప్పుల్లో మునిగింది. 2001లో నగరానికి వాటా ఉన్న బ్యాంకు సంక్షోభంలో పడటంతో పరిస్థితి ఇంకా దిగజారింది. చేతిలో ఉన్న ఇళ్లు అమ్మకానికి వచ్చాయి. 2004లో జీ.ఎస్.డబ్ల్యు. అనే నగర సంస్థను దాదాపు 65,000 ఇళ్లతో సహా 40.5 కోట్ల యూరోలకు పెట్టుబడి సంస్థలకు అమ్మేశారు. దాని 156 కోట్ల అప్పు కూడా కొన్నవారికే పోయింది. రెండూ కలిపి లెక్కవేయండి: ఒక్కో ఇల్లు సుమారు 30,000 యూరోలు.

2019లో నగర సంస్థ గెవోబాగ్ ఒక ప్రైవేటు కంపెనీ నుంచి ష్పాండావ్, రైనికెన్‌డార్ఫ్ ప్రాంతాల్లో దాదాపు 5,900 ఇళ్లను 92 కోట్లకు కొంది. అవి ఒకప్పుడు సామాజిక గృహాలుగా కట్టినవే. ఇల్లొక్కింటికి 1,56,000 యూరోలు! 2021లో మరో 14,750 ఇళ్లను 246 కోట్లకు నగర సంస్థలు కొన్నాయి. ఇక్కడ ధర 1,67,000 దాకా వచ్చింది. పదిహేనేళ్లలో మార్కెట్ పెరిగింది, ఇళ్లూ ఒకే రకం కావు, నిజమే. అయినా అయిదు రెట్ల తేడాను అది పూర్తిగా సమర్థించదని నా అభిప్రాయం.

ఇంత ధర పెట్టి కొనడం ఎందుకు? దీనికి జవాబు మరమ్మతు చట్టంలో ఉంది. జర్మనీలో చెడిపోయినదాన్ని బాగుచేస్తే ఆ ఖర్చు యజమానిదే. కానీ గోడలకు ఉష్ణనిరోధక పొర వేయడం, లిఫ్టు పెట్టడం వంటి 'ఆధునికీకరణ' చేస్తే, ఆ ఖర్చులో ఏటా 11 శాతం అద్దెకు కలపవచ్చు. 2019 నుంచి దాన్ని 8 శాతానికి తగ్గించి, చదరపు మీటరుకు గరిష్ఠ పరిమితి కూడా పెట్టారు. ఇంటికి 20,000 యూరోలు ఖర్చు పెట్టారనుకోండి. పాత లెక్కలో నెలకు 183 యూరోలు, కొత్త లెక్కలో 133 యూరోలు అద్దె పెరుగుతుంది. 8 శాతం చొప్పున పన్నెండున్నర ఏళ్లలో ఖర్చు తిరిగి వచ్చేస్తుంది. పెరిగిన అద్దె మాత్రం తగ్గదు. పింఛను మీద బతికే ముసలామెకు గోడ వెచ్చబడిందన్న సంతోషం కన్నా ఇల్లు ఖాళీ చేయాలన్న దిగులే మిగులుతుంది. యజమాని నగరమే అయితే ఈ పెంపుకు తానే హద్దు పెట్టుకోగలదు.

ఇంకో ఆయుధం కూడా ఉండేది. రక్షిత ప్రాంతాల్లో భవనం అమ్ముడవుతుంటే జిల్లా యంత్రాంగం ముందుకొచ్చి, 'ఆ కొనుగోలుదారు స్థానంలో మేం కొంటాం' అనవచ్చు. అద్దెదారులను వెళ్లగొట్టనని కొనుగోలుదారు రాసిస్తే వదిలేసేవారు. 2021 నవంబరులో ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం దీనికి గట్టి హద్దు గీసింది. కొన్నవాడు భవిష్యత్తులో ఏదో చేస్తాడన్న అనుమానం చాలదంది. భవనం పాడుబడి ఉంటేనో, నిబంధనలకు విరుద్ధంగా వాడుతుంటేనో తప్ప ఈ హక్కు ఇప్పుడు పనికిరాదు.

విమర్శకుల మాటా వినాలి. కొనుగోలు వల్ల నగరంలో ఒక్క కొత్త ఇల్లూ పెరగదు. అదే డబ్బుతో కట్టవచ్చు కదా అని వాళ్లంటారు. కొరత తీరాలంటే కట్టాల్సిందే. కానీ కట్టే ఏళ్లలో ఉన్నవాళ్లు వీధిన పడకుండా ఆపేది కొనుగోలే.

ఇక కొన్న ఇంట్లో ఏముంటుంది? 1960, 70ల ఇళ్ల నేలపై పరిచిన పలకల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంది. జర్మనీ దాన్ని 1993లో నిషేధించింది. పలక పగలనంతవరకు నారలు లోపలే బంధించి ఉంటాయి కనుక ప్రమాదం తక్కువ. పగిలితే, గీకితే గాలిలో కలుస్తాయి. ఊపిరితిత్తుల్లో చేరిన నార జబ్బుగా బయటపడటానికి దశాబ్దాలు పట్టవచ్చు. కాపురం ఉంటుండగా ఆ పలకలు పెకలించడం మంచిది కాదు. అందుకే సాధారణంగా అద్దెదారు ఖాళీ చేసినప్పుడు ఆ ఇంటిని మూసి, శిక్షణ పొందిన పనివాళ్లు పలకలు తీసి, కొత్త నేల వేశాకే తర్వాతి కుటుంబానికి తాళం ఇస్తారు.