మందు అని పిలుచు విషము

మన పల్లెలలో పైరుపై చల్లు క్రిమిసంహారకమును "మందు" అని పిలుచుట వాడుక. జ్వరమునకు వైద్యుడిచ్చునదియు మందే, ప్రత్తిపై కొట్టునదియు మందే. పేరొక్కటి యగుటచేత రెండవదాని యెడల ఉండవలసిన భయము మన మనస్సులనుండి తొలగిపోయినది. కాని యది ప్రాణి నరములను చెరచి చంపుటకై చేయబడిన విషము. పురుగు నరములకును మనుష్యుని నరములకును అది భేదమెంచదు. ఈ సంగతిని సంఘ సభ్యులకు విశదపరచి, ఆ విషముతో అవసరమును తగ్గించుకొను ఉపాయములను తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

విషము దేహమున ప్రవేశించు విధము

నోట మ్రింగిననే విషమెక్కునని పలువురి తలంపు. అది పొరపాటు. చర్మముద్వారాను, ఊపిరిద్వారాను గూడ అది లోనికి చేరును. వీపున మోయు పంపు కారినచో తడిసిన చొక్కా గంటలకొలది ఒంటికి అంటియుండును. ఎదురుగాలికి కొట్టినచో తుంపరలు ముక్కునను కండ్లను పడును. మందు కలిపిన చేతితోనే బీడీ ముట్టించినను, సద్ది తినినను అది కడుపులోనికి పోవును.

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ మొదలగునవి ఆర్గానోఫాస్ఫరస్ అనెడి యొక జాతికి చెందినవి. నరము కండరమునకు ఆజ్ఞ నిచ్చిన పిదప ఆ యాజ్ఞను నిలుపుటకు మన దేహములో ఒక ఎంజైము కలదు. ఈ విషములు దానిని పనిచేయనీయవు. అందుచే కండరములు అదరును, చెమట, చొంగ, కన్నీరు మితిమీరి కారును, కంటిపాప సూదిమొనవలె చిన్నదై చూపు మసకబారును, వాంతులగును, తుదకు ఊపిరి నిలిచిపోవును. తలనొప్పి, కండ్లు తిరుగుట వంటి చిన్న బాధలను "ఎండదెబ్బ" యని త్రోసివేయు రైతులు, అవియే తొలి గురుతులని గ్రహింపవలయును.

నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములోని మూడు గ్రామములయందు జరిగిన యొక పరిశోధన 2005లో ప్రకటింపబడినది. అందు ప్రత్తి పండించు 50 మంది స్త్రీలు, తమకును తమ యింటి పురుషులకును మందు పనివలన కలిగిన బాధలను తెలిపిరి. లెక్కకు వచ్చిన 323 సందర్భములలో నూటికి 83కు పైగా సందర్భములందు ఏదో యొక విషలక్షణము కనబడినది. కొన్ని మిక్కిలి తీవ్రమైనవి. అయినను ఒక్కరును వైద్యుని కడకు పోలేదు. మందు కలుపుట, పంపు నింపుట స్త్రీల పని. ఆ పని, మందు కొట్టుటతో సమానముగా ప్రమాదకరమని తేలినది. భూస్వాములకంటె చిన్న రైతులే తీవ్రమైన బాధలకు ఎక్కువగా గురియైరి.

మన గద్వాల ప్రాంతమునందు హైబ్రిడ్ ప్రత్తి విత్తనము పండించు చేలలో క్రాసింగ్ పని యంతయు చేతితోనే జరుగును. దినదినము పూవు పూవును ముట్టవలసిన ఈ పనికి బాలికలను విరివిగా నియోగించుచుండిరి. మందు కొట్టిన చేనిలో, తడి యారకమునుపే వ్రేళ్లతో పూలను త్రుంచు పిల్లకు అంటు విషమెంతయో తల్లిదండ్రులు యోచింపవలయును.

మందుచే పురుగు చచ్చుచున్నదా?

మహారాష్ట్రములోని యవత్మాల్ జిల్లాయందు 2017 వానకాలమున ప్రత్తికి మందు కొట్టుచు విషమెక్కి ఇరువదిమంది వఱకు మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. వారును మనవంటి ప్రత్తి రైతులే, కూలీలే. ఇంత ప్రాణనష్టమునకు ఓర్చి కొట్టినను పురుగు చచ్చుచున్నదా యన్నచో, అదియు లేదు. ఒకే మందును మాటిమాటికి కొట్టినచో చావక మిగిలిన పురుగుల సంతతియే చేనంతట నిండును. 1997-98లో ఓరుగల్లు జిల్లాయందు జరిగిన దిదియే. లద్దెపురుగు పైరును తినివేయుచుండగా అప్పుచేసి మందుమీద మందు కొట్టిరి. పురుగు చావలేదు, అప్పు మాత్రము మిగిలినది. పెక్కుమంది ప్రత్తి రైతులు ఆ మందునే త్రాగి ప్రాణములు తీసికొనిరి.

మఱియు, పురుగును తిను సాలెపురుగులు, అక్షింతల పురుగులు, పూలకు మేలుచేయు తేనెటీగలు ముందుగా చచ్చును. వానకు కొట్టుకొనిపోయిన విషము చెరువులోని చేపను, పశువులు త్రాగు నీటిని చేరును. కేరళములోని కాసరగోడు ప్రాంతమున జీడిమామిడి తోటలపై ఎండోసల్ఫానును ఏండ్లతరబడి ఆకాశమునుండి చల్లిరి. ఆ యూళ్లలో పిల్లలు అంగవైకల్యముతో, బుద్ధిమాంద్యముతో బాధపడుటచే దేశమంతట ఆందోళన రేగినది. 2011లో సుప్రీం కోర్టు ఆ మందును దేశమంతట నిలిపివేసినది.

మన చెలకలు నేర్పిన పాఠము

మార్గము లేదని నిరాశపడనక్కరలేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకలలో ఆముదమునకు పరమశత్రువు ఎఱ్ఱ గొంగళి పురుగు. దీనినే బొంతపురుగు అందురు. ఎదిగిన పురుగు ఒడలంతయు వెండ్రుకలతో నిండియుండుటచే మందునకు సులభముగా లొంగదు. కాని దాని జీవితమును ఎఱిగినవానికి అది లొంగును. ఈ పురుగు కోశరూపమున భూమిలో పండుకొని, తొలకరి గట్టివాన పడగానే రెక్కల పురుగై గుంపులుగా వెలువడును, వెలుతురునకు ఆకర్షింపబడును, ఆకులపై వందలకొలది గ్రుడ్లు పెట్టును.

కావున తొలివాన పడిన సాయంకాలము మొదలుకొని కొన్ని రాత్రులు ఊరి చేలగట్లపై మంటలు వేసినచో రెక్కల పురుగులు గ్రుడ్లు పెట్టకమునుపే అందు పడి చచ్చును. వేసవి దుక్కి దున్నినచో కోశములు బయటపడి ఎండకును పక్షులకును ఆహుతియగును. గ్రుడ్ల గుంపులున్న ఆకులను ఏరి నాశనము చేయవలయును. ప్రక్క చేనినుండి ప్రాకివచ్చు పురుగులను చేని చుట్టు త్రవ్విన కాలువలో పడవేసి పూడ్చవచ్చును. అయితే ఒక్కడు మంట వేసిన ప్రయోజనము లేదు. ఊరంతయు ఒకే రాత్రి వేయవలయును. ఇది కొనుగోలు పని కాదు, కూడి చేయు పని. సహకారమనగా నిదియే.

నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామమున మహిళా సంఘములవారు పూనుకొనుటచే 2004 నాటికి ఊరంతయు క్రిమిసంహారకములను మానివేసినది. వేపగింజల కషాయము, ఎరపంటలు, లింగాకర్షక బుట్టలు వారి ఆయుధములు. వేపపప్పు పొడి 5 కిలోలు రాత్రి నీటిలో నానవేసి, వడకట్టి, 100 లీటర్ల నీటికి కలిపి, కొంచెము సబ్బుపొడి చేర్చి సాయంకాలమున కొట్టవలయును.

తప్పనిసరియైనపుడు

డబ్బాపై వజ్రాకారపు గురుతు చూడుడు. ఎఱుపు అత్యంత విషము. పిదప పసుపు, నీలము, ఆకుపచ్చ క్రమముగా తగ్గును. ఆకుపచ్చయు నిరపాయము కాదు. గాలివాటు నెఱిగి, ఒడలంతయు కప్పుకొని, చేతితొడుగులతో పనిచేయవలయును. గర్భిణులను, పిల్లలను ఆ దరికి రానీయరాదు. ఖాళీ డబ్బాను నీటికిగాని నూనెకుగాని వాడరాదు. బీహారులోని గండామన్ గ్రామ పాఠశాలయందు 2013లో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసియున్నట్లు తేలినది.

విషమెక్కినవాని బట్టలు విప్పి సబ్బునీటితో ఒడలు కడుగవలయును. బలవంతముగా వాంతి చేయింపరాదు. స్పృహ తప్పినవానికి నోట ఏమియు పోయక, ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, 108 వాహనమును పిలిచి, మందు డబ్బాను వెంట గొనిపోవలయును. ఆర్గానోఫాస్ఫరస్ విషమునకు ఆసుపత్రిలో అట్రోపిన్ అనెడి విరుగుడు కలదు. కలుపును చంపు పారాక్వాట్‌కు విరుగుడే లేదు.

మన సంఘములలో పెక్కు ఎరువులతోపాటు ఈ విషములను గూడ అమ్ముచున్నవి. అమ్మకమువలన వచ్చు లాభము సభ్యుని ప్రాణముకంటె గొప్పది కాదు. అమ్మునపుడే హెచ్చరించుట, అక్కరలేనిచో వలదని చెప్పుట సంఘ ధర్మము. రాబోవు తొలకరికి ముందే ప్రతి గ్రామమునందును సభ్యులు కూడి, మంటలు వేయు రాత్రిని నిర్ణయించుకొందురు గాక! పంట పోయిన మఱుసటి యేడు పండించుకొనవచ్చును. ఇంటి పెద్ద పోయిన ఆ యిల్లు మరల నిలుచుట కష్టము.