తాత చెయ్యి మళ్ళీ నేర్చుకుంటోంది

 

దసరా సెలవులకు నేను ఇంటికి పోయేసరికి మా తాతకు పక్షవాతం వచ్చి నెల అయ్యింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట రాదు. గాలి సోకిందని రెండు రోజులు పసరు పోసి, మూడోనాడు ఆస్పత్రికి తీసుకుపోయారంట. కానీ అది గాలి కాదు, మెదడుకు వచ్చిన జబ్బు.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లినా రక్తం అందక అక్కడి కణాలు చచ్చిపోతాయి. ఎడమ మెదడు కుడి చేతిని, కుడి కాలును నడిపిస్తుంది. చాలామందికి మాట కూడా ఎడమ వైపే ఉంటుంది. 1861లో ఫ్రాన్సు దేశపు డాక్టరు బ్రోకా, మాట పోయిన ఒక రోగి చనిపోయాక అతని మెదడు చూస్తే ఎడమ వైపు దెబ్బతిని ఉంది. అందుకే తాతకు చెయ్యీ మాటా ఒక్కసారే పోయాయి.

చచ్చిన కణాలు తిరిగి రావు. అయితే మిగిలిన కణాలు కొత్త సంబంధాలు కలుపుకుని ఆ పని కొంత నేర్చుకుంటాయి. అడవిలో దారికి అడ్డంగా చెట్టు పడితే మనం పక్కనుంచి నడుస్తాం కదా. రోజూ నడిస్తే అదే బాట అవుతుంది. నడవకపోతే గడ్డి మొలుస్తుంది. మెదడు కూడా అంతే. మొదటి నెలల్లో ఎక్కువ నేర్చుకుంటుంది, తరువాత మెల్లగా నేర్చుకుంటుంది. అందరికీ అంతా తిరిగి రాదు.

మా ఇంట్లో జాలిపడి నాయనమ్మే అన్నం తినిపించేది. కుడి చేతికి పనే లేదు. నేను గిన్నె పెట్టి, చింతగింజలు తీసి అందులో వెయ్యమన్నాను. మొదటిరోజు ఒక్కటీ పడలేదు. తాతకు కోపం వచ్చింది. సెలవులు అయ్యేనాటికి నాలుగు పడ్డాయి.

ఇంకో వింత. మాట పోయినవాళ్ళలో కొందరికి పాట వస్తుంది. పాటకు కుడి మెదడు కూడా పనిచేస్తుంది. నేను రేల పాట ఎత్తుకుంటే తాత రెండు మాటలు కలిపాడు. నాయనమ్మ ఏడ్చేసింది.

స్నేహితులారా, మీ ఇంట్లో ఎవరికైనా మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. గడ్డను కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. మా తాతకు ఆ టైము దాటిపోయింది. మీవాళ్ళకు దాటనివ్వకండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని