క్రోషే పువ్వు వంకర పోతే

మేళ్లచెరువు నుండి ఒక గృహిణి మాకొక ప్రశ్న పంపినారు. గుమ్మానికి తెర కట్టవలెనని నెలల తరబడి క్రోషే పువ్వులు అల్లినారట. కొన్ని గిన్నెవలె ముడుచుకొన్నవి, కొన్నిటికి అంచున కుచ్చెళ్లు పడినవి. అన్నిటినీ అతికి చూడగా తెర వంకరగా వ్రేలాడుచున్నది. ఇస్త్రీ చేస్తే సరిపోవునా అని వారి సందేహం. సరిపోదు. తప్పు అంచున కనబడినను, సాధారణముగా అది పుట్టినది లోపలి చుట్లలోనే.

గుండ్రని పువ్వుకు ఒక లెక్క ఉన్నది. సూదికి దారం ఒకసారి చుట్టి అల్లే ట్రెబుల్ కుట్టుతో మొదటి చుట్టున 12 వేస్తే, రెండవ చుట్టున 24, మూడవ చుట్టున 36 రావలెను. అనగా చుట్టుకు 12 చొప్పున హెచ్చవలెను. మూడవ చుట్టున 30 మాత్రమే ఉన్నచో అంచు చాలక పువ్వు గిన్నె అగును. 45 ఉన్నచో అంచు ఎక్కువై కుచ్చెళ్లు పడును.

లెక్క తప్పేది ముఖ్యముగా చుట్టు మొదట, చివర. మొదట వేసే మూడు గొలుసు కుట్లు ఒక ట్రెబుల్‌కు బదులు. వాటిని విడిచి మరి 12 అల్లినచో మొత్తం 13 అగును. ముగించునపుడు జారుకుట్టును ఆ మూడవ గొలుసు తలపైననే కలుపవలెను. ప్రక్కన గ్రుచ్చినచో తరువాతి చుట్టున ఒక కుట్టు హెచ్చో తగ్గో వచ్చును. లెక్క సరిగా ఉండియు ముడుచుకొన్నచో, కాస్త లావు సూదితో అల్లి చూడవలెను.

క్రోషేలో సూదిపై నిలిచియుండేది ఒకే ఉచ్చు. కనుక దారం లాగి తప్పు దాకా విప్పినను తక్కిన అల్లిక చెదరదు. ప్రతి చుట్టు చివర లెక్కించుకొన్నచో విప్పవలసినది ఒక చుట్టే. ఇదివరకే అతికిన తెరనంతయు విప్పనక్కరలేదు. వంకర పువ్వు చుట్టూ ఉన్న అతుకు దారం మాత్రమే జాగ్రత్తగా తెంపి, ఆ పువ్వును తీసి, సరియైనది అమర్చవలెను.

ఒక కుట్టు విలువ నర్సాపురం ప్రాంతపు స్త్రీలకు బాగుగా తెలియును. క్రైస్తవ మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో అక్కడ ప్రవేశించిన ఈ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. అక్కడ పువ్వులల్లేవారు వేరు, అతుకు పనివారు వేరు. ఒకరి లెక్క తప్పితే కష్టము మరొకరి చేతికి వచ్చును. ఈ శ్రమను తీరిక వేళల పనిగా తలచినందున కూలి ఎంత తక్కువగా ఉండెనో 1982లో మారియా మీస్ తన గ్రంథంలో వివరించినారు. ఇంటి తెరయైనను అంతే. అది తీరిక కాదు, శ్రమ.

స్వల్పమైన హెచ్చుతగ్గులు తడితో సర్దుకొనును. అట్టపై వృత్తం గీసి, తడిపిన పువ్వును దానిపై పరచి, తుప్పు పట్టని గుండుసూదులు గ్రుచ్చి, పూర్తిగా ఆరనీయవలెను. మేళ్లచెరువు వైపు సున్నపురాయి నేల. అటువంటి చోట నీరు కఠినమైనచో సబ్బు విరిగి, తెట్టు నూలులో నిలిచి లేసు బిరుసెక్కును. పట్టి ఉంచిన వాన నీటిలో ఉతికి జాడించుట మేలు.

తెర వంకరకు మందు ఇస్త్రీపెట్టెలో లేదు. మొదటి 12 కుట్లలో ఉన్నది.